ముద్దయీ ముద్దాయి అయిన కథ

ఉర్దూలో ఒక పాత సామెత ఉంది: ముద్దయీ సుస్త్, గవాహ్ చుస్త్. కేసు పెట్టినవాడు నీరసంగా కూర్చుంటే సాక్షి మాత్రం మహా హుషారుగా ఉన్నాడని దాని మతలబు. ఈ సామెత తెలుగు దోస్తులకు చెబితే వెంటనే ఒక సవాల్ వస్తుంది. "ముద్దాయి సుస్తుగా ఉంటే మంచిదే కదా భాయ్, పారిపోడు!" ఎందుకంటే తెలుగులో ముద్దాయి అంటే నిందితుడు. ఉర్దూలో, అంతకుముందు అరబ్బీలో, ముద్దయీ అంటే దావా వేసినవాడు, ఇన్సాఫ్ అడగడానికి వచ్చినవాడు. ఎవరి మీద దావా ఉందో అతన్ని ముద్దా అలైహ్ అంటారు. అరబ్బీ నుంచి ఫార్సీకి, ఫార్సీ నుంచి ఉర్దూకి, అక్కణ్ణుంచి కచేరీల తెలుగులోకి చేసిన సఫర్‌లో ఎక్కడో ఈ లఫ్జ్ తిరగబడింది. ఫిర్యాదుకు వచ్చినవాడు బోనెక్కాడు.

ఉర్దూ మీడియం బడిలో చదివి, తర్వాత తెలుగులో డిగ్రీ చేసి, ఆ పైన విలేకరి ఉద్యోగంలో పడ్డ నాకు పోలీస్ స్టేషన్ తెలుగు కొత్తగా అనిపించలేదు. అందులో సగం నా బడి భాషే. ఠాణా, ఫిర్యాదు, జామీను, ఖైదు, పంచనామా, జప్తు, తనిఖీ, హాజరు, బందోబస్తు. ఫరియాద్ అంటే మా భాషలో ఉత్త కంప్లైంటు కాదు, అది ఆక్రోశం. మజ్లూమ్ గొంతులోంచి వచ్చే కేక. తెలుగులో అది తెల్ల కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి, రైటర్ గారి టేబుల్ మీద ఉంచే చీటీ అయింది. ఈ మాటల్లో ఎక్కువభాగం నవాబుల కాలంలో వచ్చాయి, కంపెనీ దొరలు వాటిని అలాగే ఉంచేశారు. మాటలు ఉంచారు సరే, పద్ధతులు కూడా కొన్ని ఉంచారు. ఆ తారీఖ్ చెప్పడానికే ఇదంతా.

మాది నూజెండ్ల. వినుకొండ పక్కన, గుండ్లకమ్మ వైపు. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా అయ్యాక మేమూ పల్నాటివాళ్ళం అయ్యాం గానీ, పాత కాగితాల్లో పల్నాడు తాలూకా వేరు, వినుకొండ తాలూకా వేరు. రెండూ గుంటూరు కలెక్టర్ కింద ఉండేవి. గుంటూరు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. 1832-33లో డొక్కల కరువు ఈ ప్రాంతాన్ని తుడిచిపెట్టింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు లండన్ పార్లమెంటులో ఒక మాట లేచింది. మద్రాసు ప్రెసిడెన్సీలో శిస్తు వసూలుకు రైతుల్ని చిత్రహింస పెడుతున్నారని. కంపెనీ పెద్దలు మొదట ఝూట్ అన్నారు. పట్టు పెరిగేసరికి 1854లో మద్రాసు ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది. ఇలియట్, స్టోక్స్, జాన్ బ్రూస్ నార్టన్ అనే ముగ్గురు. నార్టన్ మద్రాసు బారిస్టరు, కంపెనీ పాలన మీద నాలుక వాడిగా ఉన్న మనిషి.

కమిషన్ మద్రాసులో కూర్చుంది. జుల్మ్ జరిగినవాళ్ళు వచ్చి చెప్పుకోవచ్చని ఇష్తిహార్ ఇచ్చారు. అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలో రైలు కూడా మొదలవలేదు, అది 1856లో వచ్చింది. జనం వందల మైళ్ళు నడిచి వెళ్ళారు. వెళ్ళలేనివాళ్ళు అర్జీలు పంపారు. కొన్ని నెలల్లోనే దాదాపు రెండు వేల ఫిర్యాదులు పోగయ్యాయి. ఏ ఊళ్ళో ఎవరు ఎంత బాకీ, ఎవరు ఎలా కొట్టారు, అన్నీ. బాకీ చాలాసార్లు అణాల్లో, రూపాయల్లో ఉండేది. వేళ్ళను చెక్కల మధ్య పెట్టి బిగించే కిట్టి, మెడను కాళ్ళకు తాడుతో కట్టి గంటల తరబడి ఎండలో వంచి ఉంచడం, కళ్ళలో మిరపపొడి. 1855లో నివేదిక బయటికి వచ్చింది. చిత్రహింస ఉంది, అది అక్కడక్కడా జరిగేది కాదు, మామూలుగా నడిచే పని అని ఒప్పుకుంది. రెండేళ్ళ తర్వాత కార్ల్ మార్క్స్ న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రికలో రాసిన ఒక వ్యాసానికి ఈ నివేదికే ముడిసరుకు. పల్నాడు, గుంటూరు, నెల్లూరు, తంజావూరు రైతుల దెబ్బలు అలా అమెరికా దాకా వెళ్ళాయి.

ఆ నివేదికలో రెండు సంగతులు నాకు ముఖ్యం. ఒకటి, కొట్టింది ఎవరు అన్న దానికి కమిషన్ చెప్పిన జవాబు. తహసీల్దారు కింద పనిచేసే దేశీ నౌకర్లు కొట్టారు, దొరలకు తెలియదు, దొరలు మంచివాళ్ళు అని. శిస్తు ఇంత రావాలని పైనుంచి తాకీదు పంపినవాళ్ళ మీద మచ్చ పడలేదు. కింది జవాను జాలిమ్, పై అధికారి బేఖబర్. ఈ నమూనా ఇంకా చెల్లుతూనే ఉంది. రెండోది, ఆ రోజుల్లో పన్ను వసూలు చేసేవాడే పోలీసు. బాకీ ఉన్నవాడు ఫిర్యాదు చెయ్యాలంటే తనను కొట్టించినవాడి దగ్గరికే పోవాలి. ఈ రెంటినీ విడగొట్టమని కమిషన్ చెప్పింది. ప్రభుత్వం విన్నది కూడా. 1859లో కొత్త పోలీసు చట్టం వచ్చింది, మద్రాస్ డిస్ట్రిక్ట్ పోలీస్ యాక్ట్, 24వ నంబరు చట్టం. దేశం మొత్తానికి వచ్చిన 1861 పోలీసు చట్టం దాని తర్వాతిదే.

అంటే మన ఇలాఖా పోలీసు శాఖ ఒక చిత్రహింసల విచారణ కడుపున పుట్టింది. అలాంటి చట్టంలో ఏముండాలి? కొట్టిన పోలీసుకు శిక్ష పడే దారి తేలిక చెయ్యాలి. ఆ చట్టంలోని 53వ సెక్షన్ చదివినప్పుడు మాత్రం నాకు హైరత్ వేసింది. ఈ చట్టం కింద చేసిన పని విషయంలో పోలీసు మీద కేసు వెయ్యాలంటే మూడు నెలల్లోపల వెయ్యాలి. దావా వేసేవాడు నెల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. గడువు దాటితే ఖతమ్. వేళ్ళు విరిగినవాడు మంచం మీంచి లేచి, ఊరి కరణం చేత అర్జీ రాయించుకుని, వకీలును వెతుక్కునేసరికి మూడు నెలలు ఎక్కడ మిగుల్తాయి? అదే మనిషి మీద దొంగతనం కేసు పెట్టడానికి ఆ గడువు లేదు.

ఇది ఎప్పటిదో కాగితం కదా అనుకోకండి. స్వతంత్రం వచ్చాక కూడా ఆ సెక్షన్ పనిచేసింది. 1960ల మొదట్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ, వేణుగోపాల్ అనే సబ్ ఇన్‌స్పెక్టరుకీ మధ్య ఒక కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. కస్టడీలో ఉన్న మనిషిని నేరం ఒప్పుకోమని హింసించారని అభియోగం. ఆ మనిషి ప్రాణం పోయింది. హైకోర్టు 53వ సెక్షన్ చూసింది, కేసు మూడు నెలలు దాటాక పెట్టారు కాబట్టి చెల్లదంది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. నేరాన్ని దర్యాప్తు చెయ్యడం పోలీసు విధి, దానికి చట్టం రక్షణ ఉంటుంది. ఖైదీని కొట్టడం ఏ చట్టం కింద చేసిన పనీ కాదు, కాబట్టి మూడు నెలల గడువు దానికి వర్తించదు అని తేల్చింది. ఇంత సీదా మాట చెప్పడానికి 1859 నుంచి వందేళ్ళు పట్టింది. ఆ తీర్పును ఇప్పటికీ వకీళ్ళు వాడుతుంటారు. అంటే ఆ వాదన ఇప్పటికీ ఎవరో ఒకరు తెస్తూనే ఉన్నారన్నమాట.

మధ్యలో పల్నాడు తన కథ తాను నడుపుకుంది. పశువుల్ని అడవిలో మేపుకోవడానికి పుల్లరి కట్టమంటే కట్టం అన్నారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర కన్నెగంటి హనుమంతును పోలీసులు కాల్చి చంపారు. మా జిల్లాలో ఆయన విగ్రహాలున్నాయి, బుర్రకథలున్నాయి, బడి పిల్లలు వేషం కడతారు. కాల్చినవాళ్ళ సంగతి ఏమైందని మాత్రం ఏ బుర్రకథా అడగదు. అడగాలన్న ఖయాల్ కూడా మనకు రాదు, పోలీసు కాల్చాక ఏదో జరుగుతుందని మనం అసలు అనుకోం కాబట్టి.

ఆ అనుకోకపోవడం ఎలా అలవాటవుతుందో ఒక చిన్న సంగతి చెబుతాను. నా చిన్నప్పుడు మా అబ్బా సైకిల్ పోయింది. ఏ ఠాణా అన్నది రాయను, అక్కడ అప్పుడున్నవాళ్ళు ఎవరూ ఇప్పుడు లేరు. సైకిల్ నీదేనని రుజువేమిటి అన్నారు. రసీదు లేదు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. "అయితే నువ్వే ఎక్కడో ఎత్తుకొచ్చి ఉంటావ్, ఎవడి దగ్గర కొన్నావ్, వాడి పేరు చెప్పు" అన్నారు. సాయంత్రం దాకా బయట అరుగు మీద కూర్చోబెట్టారు. కొట్టలేదు, తిట్టలేదు. మగ్రిబ్ అజాన్ వేళకు ఇంటికి పొమ్మన్నారు. అబ్బా ఇంటికొచ్చి అమ్మీతో ఒకే మాట అన్నారు: "సైకిల్ గయీ సో గయీ, ఇజ్జత్ బచ్ గయీ." ముద్దయీగా వెళ్ళిన మనిషి ముద్దాయి కాకుండా తిరిగొచ్చినందుకు షుక్ర్ అదా చేసుకున్నారు. ఆ తర్వాత ఇంకేం పోయినా ఆయన ఠాణా మెట్లెక్కలేదు.

పేదవాడికి సైకిల్ దగ్గర జరిగిందే ఇంకొకచోట ప్రాణం దగ్గర, అస్మత్ దగ్గర జరిగింది. 1978 మార్చి 29 రాత్రి, హైదరాబాద్ నల్లకుంట. ఈ కేసు నా తరానికి మా పెద్దల నోటి ద్వారా తెలిసింది. ఇప్పటి చట్టం ప్రకారం అత్యాచార బాధితురాలి పేరు అచ్చువెయ్యకూడదు. ఆ నిబంధన 1983లో వచ్చింది. అంతకుముందే ఈ కేసు ఆమె పేరుతో, రమీజా బీ కేసుగా, తారీఖ్‌లో నిలిచిపోయింది. అందుకని ఆ పేరే రాస్తున్నాను.

ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ రిక్షా కార్మికుడు. కర్నూలు జిల్లా నందికొట్కూరు వైపు నుంచి బతుకుతెరువు కోసం వచ్చినవాళ్ళు. రాత్రి సినిమా చూసి తిరిగి వస్తుంటే పోలీసులు ఆపారు. వేళకాని వేళ తిరగడమే నేరం. పేదవాడు రాత్రిపూట రోడ్డు మీద ఉంటే అనుమానం, అదే కారున్నవాడు ఉంటే సెకండ్ షో. ఆమెను స్టేషన్‌కు తీసుకుపోయారు. అక్కడ పోలీసులు ఆమె మీద అత్యాచారం చేశారు. విషయం తెలిసి నిలదీసిన భర్తను కొట్టారు. అతను చనిపోయాడు.

మర్నాడు జనం ఆ జనాజాతో నల్లకుంట స్టేషన్ ముందుకు వచ్చారు. వేలమంది. రాళ్ళు పడ్డాయి, తుపాకులు పేలాయి, కర్ఫ్యూ పెట్టారు. మర్రి చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయ్యి నెల కూడా కాలేదు. అల్లర్లు రాష్ట్రంలో ఇతర పట్టణాలకూ పాకాయి. ప్రభుత్వం హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ముఖ్తదర్‌తో ఏకసభ్య విచారణ కమిషన్ వేసింది. అంతవరకూ బాగానే ఉంది. 1855 లాగే ఇక్కడా కమిషన్ పని మొదలుపెట్టింది, ఇక్కడా జనం వచ్చి చెప్పారు.

కమిషన్ ముందు జరిగింది చదివితే మాత్రం ముద్దయీ ముద్దాయిగా మారడం అంటే ఏమిటో కళ్ళకు కడుతుంది. ఆ రాత్రి స్టేషన్‌లో ఏం జరిగింది అన్నది పక్కకు పోయింది. పోలీసుల తరఫు వాదన అంతా ఆమె ఎలాంటి మనిషి అన్న దాని మీద నడిచింది. ఆమె వేశ్య అని చెప్పడానికి సాక్షుల్ని తెచ్చారు. సామెతలో చెప్పిన చుస్త్ గవాహ్ అంటే వీళ్ళే. ఆపైన నికాహ్ మీద పడ్డారు. ముందు భర్త తలాక్ ఇచ్చాడా, ఇద్దత్ పూర్తయిందా, ఈ రిక్షావాడితో నికాహ్ షరీయత్ ప్రకారం జాయజ్ అవుతుందా అని. ముస్లిం పర్సనల్ లా మీద అంత శ్రద్ధ పోలీసు శాఖకు అంతకుముందూ కలగలేదు, ఆ తర్వాతా కలగలేదు. నికాహ్ చెల్లకపోతే అతను భర్త కాడు, అతను భర్త కాకపోతే ఆమె చెడ్డది, ఆమె చెడ్డదైతే స్టేషన్‌లో జరిగింది నేరం కాదు. ఇదీ ఆ హిసాబ్. పేద ముస్లిం ఔరత్ తన పెళ్ళి సర్టిఫికెట్టు చూపిస్తే తప్ప తన భర్త మయ్యత్ గురించి అడిగే హక్కు లేదన్నమాట. అబ్బాను సైకిల్ రసీదు అడిగినట్టే.

జస్టిస్ ముఖ్తదర్ దీనికి లొంగలేదు. అత్యాచారం నిజం, భర్త చావుకు పోలీసుల దెబ్బలే కారణం అని తేల్చారు. బాధ్యులైన పోలీసుల మీద కేసులు నడపమన్నారు. జనం ఊపిరి పీల్చుకున్నారు. కానీ కమిషన్ తేల్చింది శిక్ష కాదు, సలహా. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం ప్రకారం కమిషన్ ముందు ఒక మనిషి చెప్పిన మాటను తర్వాత క్రిమినల్ కేసులో అతని మీద వాడడానికి లేదు. కోర్టులో మళ్ళీ అలిఫ్ బే నుంచి మొదలుపెట్టాలి. హైదరాబాద్‌లో మాకు న్యాయం జరగదు అని నిందితులైన పోలీసులు కోరడంతో కేసు కర్ణాటకలోని రాయచూరుకు మారింది. 1981లో అక్కడి సెషన్స్ కోర్టు అందర్నీ బరీ చేసింది.

రాయచూరు ఎందుకు అన్నది ఆలోచించండి. అల్లర్లు జరిగిన ఊళ్ళో, జనం కోపంగా ఉన్నచోట నిష్పక్షమైన విచారణ జరగదేమో అన్న భయం అబద్ధమని నేను అనను. ఏ నిందితుడికైనా ఆ హక్కు ఉండాలి. కానీ ఆ రాత్రి ఆమెకు, అతనికి ఏ హక్కు దొరికింది? అనుమానం మీదే పట్టుకున్నారు, వకీలు లేడు, ఇంటివాళ్ళకు ఖబర్ లేదు, తెల్లారేలోపు ఫైసలా అయిపోయింది. పోలీసులకేమో కమిషన్, దాని ముందు వకీలు, తర్వాత కేసు బదిలీ, తర్వాత కోర్టు, చివరికి సందేహం కింద లాభం. ఈ రెండోది తప్పని నేను చెప్పడంలేదు. ఇది చట్టం. మొదటిదే చట్టం కాదు. నా ఝగడా అంతా ఇక్కడే. పోలీసుకు దొరికే ఓపిక, మర్యాద తగ్గించమని కాదు, అవే రిక్షావాడికి కూడా ఇమ్మని.

ఇదే కాలంలో మహారాష్ట్రలో మథుర కేసు. స్టేషన్‌లో ఆదివాసీ అమ్మాయి మీద అత్యాచారం చేసిన ఇద్దరు పోలీసుల్ని 1978 సెప్టెంబరులో సుప్రీంకోర్టు వదిలేసింది. ఆమె గట్టిగా ఎదిరించిన గుర్తులు లేవని. నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు 1979లో చీఫ్ జస్టిస్‌కు బహిరంగ లేఖ రాశారు. హైదరాబాద్‌లో స్త్రీ శక్తి సంఘటన లాంటి బృందాలు కదిలాయి. ఆ కదలిక వల్లే 1983లో చట్టం మారింది. కస్టడీలో అత్యాచారం అన్నది వేరే నేరంగా, ఎక్కువ శిక్షతో వచ్చింది. నా ఇష్టం లేకుండా జరిగిందని ఆమె చెబితే కోర్టు ముందు దాన్ని నమ్మాలి, కాదని నిరూపించాల్సింది నిందితుడు అని ఎవిడెన్స్ యాక్టులో కొత్త సెక్షన్ పెట్టారు. రమీజా బీ ఓడిపోయిన కేసు తర్వాతివాళ్ళకు ఆసరా అయింది. ఆమెకు మాత్రం ఏమీ మిగల్లేదు.

ఆ తర్వాతి దశాబ్దాల్లో ఈ రెండు తరాజుల కథ ఎన్నోసార్లు నడిచింది. అన్నీ చెబితే మీకు నిద్రొస్తుంది, నాకు కోపమొస్తుంది. రెండు మూడు చాలు. 2007 మే 18 జుమ్మా రోజు మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ తర్వాత పాతబస్తీ నౌజవాన్లను డజన్ల కొద్దీ పట్టుకున్నారు, కొట్టారు, జైల్లో పెట్టారు. కోర్టులు వదిలేశాయి. మైనారిటీల కమిషన్ తరఫున ఒక అడ్వొకేట్ వెళ్ళి విచారించి హింస జరిగిందని రాశారు. కిరణ్ కుమార్ రెడ్డి ప్రభుత్వం 20 మందికి 3 లక్షల రూపాయల చొప్పున, ఇంకో 50 మందికి 20 వేల చొప్పున ముఆవజా ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. కోర్టు వదిలేసిన ప్రతివాడికీ పరిహారం ఇచ్చుకుంటూ పోలేం అన్నది దాని సారం. సరే, డబ్బు సంగతి పక్కన పెట్టండి. కొట్టినవాళ్ళలో ఒక్కడి మీదైనా కేసు నడిచిందా అంటే, ఆ ప్రశ్న ఏ ఫైలులోనూ కనబడదు.

2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పెద్ద తీర్పు ఇచ్చింది. పౌరహక్కుల సంఘం వేసిన కేసు. ఎన్‌కౌంటర్‌లో మనిషి చనిపోతే, కాల్చిన పోలీసుల మీద ఎఫ్ఐఆర్ రాయాలి. ఆత్మరక్షణ కోసం కాల్చాం అన్నది వాళ్ళు కోర్టులో రుజువు చేసుకోవాలి అంది. ఇందులో వింత లేదు. నేను గానీ మీరు గానీ ఆత్మరక్షణకు ఒకణ్ణి చంపితే జరిగేది ఇదే. ముందు కేసు, తర్వాత వాదన. పోలీసు సంఘం సుప్రీంకోర్టుకు వెళ్ళింది, నెల తిరగకుండానే స్టే వచ్చింది. 2014లో సుప్రీంకోర్టు మహారాష్ట్ర కేసులో తన సొంత మార్గదర్శకాలు పదహారు ఇచ్చింది, అవి ఇంతకంటే మెత్తన.

2019 డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి వంతెన దగ్గర నలుగురు నిందితులు పోలీసుల కాల్పుల్లో పోయినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు, రాఖీలు కట్టారు. ఆ పూల ఫొటోలు మా పత్రికలన్నిటిలో మొదటి పేజీ. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. చనిపోయినవాళ్ళలో ముగ్గురు మైనర్లని, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసుల మీద హత్య కేసు నడపాలని చెప్పింది. 2024లో తెలంగాణ హైకోర్టు ఆ నివేదిక మీద చర్యలకు స్టే ఇచ్చింది. ముఖ్తదర్ కమిషన్ నుంచి సిర్పూర్కర్ కమిషన్‌కు నలభై ఏళ్ళ ఫాస్లా. కమిషన్ సచ్ చెబుతుంది, ఆ సచ్ కోర్టు గుమ్మం దగ్గర ఆగిపోతుంది.

మా పక్కకే వస్తాను. 2020 ఏప్రిల్ 20, లాక్‌డౌన్ రోజులు. సత్తెనపల్లిలో మందులు కొనుక్కోవడానికి బయటికొచ్చిన ఒక ముస్లిం యువకుణ్ణి చెక్‌పోస్టు దగ్గర ఆపారు. పోలీసులు కొట్టారని, అక్కడే కుప్పకూలాడని ఇంటివాళ్ళు చెప్పారు. అతనికి ముందునుంచీ గుండె జబ్బుందని అధికారులు చెప్పారు. ఎస్సైని సస్పెండ్ చేశారు, విచారణ అన్నారు. అదే ఏడాది జూలైలో చీరాలలో మాస్కు విషయంలో గొడవై ఒక దళిత యువకుడు పోయాడు. తూర్పు గోదావరి సీతానగరంలో ఒక దళిత యువకుడికి స్టేషన్‌లోనే శిరోముండనం చేశారు. నవంబరులో నంద్యాల. దొంగతనం చెయ్యలేదు, ఈ వేధింపు భరించలేను అని ఒక ఆటో డ్రైవరు సెల్ఫీ వీడియోలో ఏడ్చి, భార్యతో, ఇద్దరు పిల్లలతో రైలుకింద పడ్డాడు. వీడియో బయటికొచ్చాక సీఐని, హెడ్ కానిస్టేబుల్‌ను అరెస్టు చేశారు. మర్నాడే జామీను వచ్చింది.

ఆ జామీను మీద రాష్ట్రమంతా గగ్గోలు. నేను కూడా మొదట ఉడికిపోయాను. నిదానంగా ఆలోచిస్తే ఒక సంగతి తోస్తుంది. పారిపోయే భయం లేనివాడికి, సాక్ష్యం చెరపలేనివాడికి ఒక రోజులో జామీను రావడమే కదా కానూన్ చెప్పేది! ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో ఊరికే అరెస్టు చెయ్యొద్దు, ముందు నోటీసు ఇవ్వండి అని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. ఆ సీఐకి అంత వేగంగా దొరికిన జామీను ఆ ఆటో డ్రైవరుకు కూడా అంతే వేగంగా, అంతే సులువుగా దొరికి ఉంటే, ఒక దొంగతనం కేసు ఒక మనిషి మెడకు ఉరితాడయ్యేది కాదేమో. సస్పెండైన అధికారికి నెలనెలా సగం జీతం వస్తుంది. డిస్మిస్ చెయ్యాలంటే రాజ్యాంగం 311వ ఆర్టికల్ ప్రకారం ఛార్జిమెమో ఇవ్వాలి, అతని జవాబు వినాలి. అన్నీ న్యాయమే. ఆటోవాణ్ణి మాత్రం మేం, అంటే పత్రికలవాళ్ళం, పోలీసు ప్రెస్‌మీట్‌లో ముఖానికి గుడ్డకట్టి నిలబెట్టిన రోజే దొంగ అని హెడింగ్ పెడతాం. నేరం రుజువు కాకుండానే అతని బతుకుతెరువు పోతుంది, అతనికి సగం జీతం ఎవడిస్తాడు?

నాకు కానిస్టేబుల్ దోస్తులున్నారు. ఒకతను మా నూజెండ్ల మండలం పిల్లవాడే, వేరే జిల్లాలో పనిచేస్తున్నాడు. పండక్కి సెలవు దొరకదు, బందోబస్తులో పద్దెనిమిది గంటలు నిలబడతాడు. "అన్నా, పైవాళ్ళు రికవరీ ఎంత అని అడుగుతారు, ఎలా చేశావని అడగరు" అన్నాడు ఒకసారి. 1855లో శిస్తు ఎంత వచ్చిందని అడిగినట్టే. ఇంకో తమాషా ఏమంటే, ప్రభుత్వం అనుమతి లేకుండా అధికారి మీద కేసు నడపొద్దు అన్న 197వ సెక్షన్ కవచం కూడా ఈ కానిస్టేబుల్‌కు చాలాసార్లు దొరకదు. ప్రభుత్వం తప్ప మరొకరు ఉద్యోగం నుంచి తీసెయ్యలేని పెద్ద అధికారులకే అది పూర్తిగా వర్తిస్తుంది. కింద కొట్టినవాడు దొరికిపోతే అతనొక్కడే పోతాడు. కొట్టమన్నవాడు అనుమతి చాటున ఉంటాడు.

కాగితం మీద చాలా ఉంది. 1996లో డీకే బసు కేసులో పదకొండు నిబంధనలు పెట్టారు. అరెస్టు మెమో రాయాలి, ఇంటివాళ్ళకు చెప్పాలి. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో ప్రతి రాష్ట్రంలో, ప్రతి జిల్లాలో పోలీసు మీద ఫిర్యాదులు తీసుకునే అథారిటీ పెట్టమన్నారు. 2020 డిసెంబరులో ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలు పెట్టమన్నారు. చిత్రహింసలకు వ్యతిరేకంగా ఐక్యరాజ్య సమితి ఒప్పందం మీద భారత్ 1997లో సంతకం చేసింది, ఈనాటికీ దాన్ని ఖరారు చెయ్యలేదు. 2010లో లోక్‌సభ ఒక బిల్లు పాస్ చేసింది, అది చట్టం కాకుండానే మురిగిపోయింది.

2024 జూలై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాయి. భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో పాత 197 ఇప్పుడు 218 అయింది. అందులో ఒక కొత్త వాక్యం చేరింది. అధికారి మీద కేసు నడపడానికి అనుమతి అడిగితే ప్రభుత్వం 120 రోజుల్లో ఏదో ఒకటి తేల్చాలి, తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. 1859లో మూడు నెలల గడువు దెబ్బలు తిన్నవాడి మీద పెట్టారు. ఇప్పుడు నాలుగు నెలల గడువు సర్కారు మీద పడింది. ఈ వాక్యాన్ని పట్టుకుని పల్నాడు జిల్లా నుంచి మొదట వెళ్ళే ముద్దయీ ఎవరో చూడాలని ఉంది. వినుకొండ కోర్టులో నాకు తెలిసిన ఒక వకీల్ సాబ్‌కు ఈ సెక్షన్ తెలుగులో రాసి ఇచ్చాను, నాలుగు నకళ్ళు తీసి బార్ రూమ్‌లో పెడతానన్నారు.